కొండ నెత్తిన కొలను

శ్రీలంకలో సిగిరియా కొండ ఎక్కినవాళ్లు పైకి చేరగానే దూరాన్ని చూస్తారు. దాదాపు 1,200 మెట్లెక్కి, భారీ సింహపు శిల్పం పాదాల మధ్య నుంచి, బండకు వేలాడే ఇనుప మెట్ల మీదుగా పైకొచ్చిన మనిషికి ముందు గాలి కావాలి, ఆ తర్వాత నాలుగు దిక్కులా పరుచుకున్న అడవి కావాలి. ఆ రెండూ తీరాకే చూపు కాళ్ల దగ్గరికి దిగుతుంది. అక్కడొక కొలను ఉంటుంది. రాళ్లు తెచ్చి కట్టింది కాదు, కొండ రాతినే తొలిచి చేసింది. 27 మీటర్ల పొడవు, 21 మీటర్ల వెడల్పు. చుట్టుపక్కల నేల నుంచి దాదాపు 180 మీటర్ల ఎత్తున, నిట్టనిలువు బండ నెత్తిన, పచ్చటి నీళ్లతో నిలిచి ఉంటుంది.

ఇవాళ కొండవాలులో జాగా కొన్న ఆసామి ఇంటి నమూనా గీయించేటప్పుడు మొదట అడిగేది ఇదే: ఒక ఈతకొలను, దాని పక్కన సాయంత్రాలు కూర్చోవడానికి ఒక అరుగు, ఎదురుగా లోయ. అదే కోరిక 5వ శతాబ్దంలో ఒక రాజుకు కలిగింది. సిగిరియా కుడ్యచిత్రాల గురించి రాయనివాళ్లు లేరు. నన్ను మాత్రం అక్కడి నీళ్లే పట్టుకుని వదలలేదు.

ముందు బరువు లెక్క చూద్దాం. ఘనపు మీటరు నీరు ఒక టన్ను తూగుతుంది. ఆ కొలనులో ఒక్క మీటరు లోతున నీరున్నా 567 టన్నులు, అంటే 5 లక్షల 67 వేల లీటర్లు. మామూలు కొండవాలు మీద అంత బరువు మోపడం చిన్న సంగతి కాదు. వాలును చదును చేయడానికి ఎగువన మట్టి కోసి దిగువన పోస్తారు. కోసిన నేల గట్టిగా ఉంటుంది, పోసిన నేల ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. కొలను సగం దాని మీదా సగం దీని మీదా కూర్చుందంటే పోసినవైపు కుంగి నడుమ చీలుతుంది. మట్టి జారకుండా అడ్డుగోడ కడితే, వాననీరు గోడ వెనక చేరి దాన్ని తోస్తుంది. అందుకే అలాంటి గోడలకు కింది వరసల్లో నీరు కారిపోయే కన్నాలు వదులుతారు. కడగడానికని కొలను ఖాళీ చేసిన రోజున నేలలో ఊరిన నీరు ఆ కాంక్రీటు తొట్టిని పడవలా పైకి లేపిన సందర్భాలూ ఉంటాయి. కొలనులో కనిపించే నీటికన్నా నేలలో కనిపించని నీటికే కొండ మేస్త్రీ ఎక్కువ భయపడాలి.

సిగిరియా పనివాళ్లు శిఖరం మీద మట్టిని నమ్ముకోలేదు. రాతిని తొలిచి, ఆ గుంటలోనే నీళ్లు నిలిపారు. కుంగడానికి మట్టి లేదు, కింద నుంచి తోయడానికి ఊట లేదు. మరి నీళ్లెక్కడివి? వాన. శిఖరం వైశాల్యం సుమారు ఒకటిన్నర హెక్టార్లు. అంత రాతి మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 150 ఘనపు మీటర్ల నీరు. రాజు ఇల్లు ఎత్తు భాగంలో, కొలను దానికి దిగువన ఉంటాయి. శిఖరమంతా మెట్లుమెట్లుగా చెక్కి ఉంటుంది. ఈశాన్య రుతుపవనాలు నాలుగు రోజులు గట్టిగా కురిస్తే ఆ కొలనుకు కరువుండదు. సిగిరియా ఉన్నది లంకలోని ఎండు మండలంలో. వానలు కొద్ది నెలలే, తర్వాతంతా ఎండ. కాబట్టి ఆ కొలను విలాసమే అయినా, నిల్వ కూడా.

ఆ రాజు పేరు కశ్యపుడు. ఏలిన కాలం 477 నుంచి 495 వరకు. ఆయన కథను పాళీ భాషలోని చూళవంశం అనే గ్రంథం చెబుతుంది. ఆ కథ కూడా నీళ్ల దగ్గరే మొదలవుతుంది.

తండ్రి ధాతుసేనుడు చెరువుల రాజు. కలావెవ ఆయన తవ్వించిందే. వెవ అంటే సింహళంలో చెరువు. అక్కణ్ణుంచి రాజధాని అనురాధపురానికి నీళ్లు తీసుకెళ్లిన కాలువ జయగంగ సుమారు 87 కిలోమీటర్లు. దాని మొదటి 17 మైళ్లలో వాలు మైలుకు ఆరంగుళాలని చెబుతారు. మైలు దూరంలో జానెడు కూడా దిగని కాలువ! ఈనాటి పరికరాలు చేతిలో పెట్టుకుని కూడా అంత సన్నటి వాలు పట్టుకోవాలంటే ఓపిక కావాలి. నీటి మట్టం పట్టడంలో ఆ దేశపు పనివాళ్ల చెయ్యి ఎంత తిరిగిందో ఆ కాలువ చెబుతుంది. సిగిరియా ఊరికే పుట్టలేదు. తండ్రి చెరువుల మీద చెయ్యి తిరిగిన నైపుణ్యమే కొడుకు కొండ మీదికి ఎక్కింది.

కశ్యపుడు పట్టమహిషి కొడుకు కాదు. సేనాపతి మిగారుడు రాజుకు మేనల్లుడూ అల్లుడూ. భార్యను, అంటే రాజు కూతుర్ని, కొరడాతో కొట్టాడు. రాజు కోపం పట్టలేక మిగారుడి తల్లిని చంపించాడు. ఆ పగతో మిగారుడు కశ్యపుణ్ణి రెచ్చగొట్టి తండ్రి మీద తిరుగుబాటు చేయించాడు. పట్టమహిషి కొడుకు, అసలు వారసుడు మొగ్గల్లానుడు భారతదేశానికి పారిపోయాడు. తండ్రి ఎక్కడో నిధి దాచాడని కశ్యపుణ్ణి నమ్మించారు. నిధి చూపించమంటే, ధాతుసేనుడు తనను కలావెవ దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. చెరువులో దిగి స్నానం చేశాడు. దోసిట్లో నీళ్లు తీసుకుని, తనకున్న ఆస్తి ఇదేనన్నాడు. ఆ తర్వాత ఆయన్ను గోడలో పెట్టి కట్టేశారని చూళవంశం అంటుంది. చరిత్రకారులు ఈ కథలో ఎంత నిజమో తేల్చుకుంటూనే ఉన్నారు. దోసెడు నీళ్ల మాట నాకు మాత్రం నిజంలాగే తోస్తుంది. చెరువు తవ్వించిన మనిషి నోట అలాంటి మాటే వస్తుంది.

తండ్రిని చంపినవాడికి అనురాధపురంలో నిద్ర పట్టలేదు. సిగిరియా బండ ఎక్కి, అలకాపురిలో కుబేరుడిలా ఉండిపోయాడని ఆ గ్రంథం పోలిక తెచ్చింది. భయంతో ఎక్కినవాడు కోట కట్టుకుని ఊరుకోవచ్చు. ఆయన తోటలు వేయించాడు.

నిజానికి ఆ కొండలో నీటితో బతకడం ఆయనకన్నా ముందు భిక్షువులు నేర్చుకున్నారు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నాటికే అక్కడి గుహల్లో బౌద్ధ సన్యాసులున్నారు. గుహ నోటికి పైన, బండ అంచు పొడవునా ఒక గాడి చెక్కి ఉంటుంది. వాననీరు బండ మీదుగా జారుతూ వచ్చి ఆ గాడి దగ్గర తెగి కింద పడుతుంది, లోపలికి పాకదు. మన పెంకుటింటి చూరు చేసే పనే అది చేస్తుంది. వేలెడు గాడి ఒక గుహను ఇల్లు చేసింది. కొండ మీద ఏం కట్టాలన్నా మొదటి పాఠం అక్కడుంది. కశ్యపుడి పనివాళ్లు దాన్ని చూసే ఉంటారు.

శిఖరం నుంచి దిగుతూ వస్తే బండ మొదట్లో మెట్ల తోటలుంటాయి. ఇటుక గోడలతో ఒకదాని కింద ఒకటిగా కొండను చుట్టిన చదునులు. వాలంతా ఒక్కసారిగా జారాల్సిన నీరు ఒక్కో మెట్టు మీద ఆగి, వేగం తగ్గి దిగుతుంది. దాని కింద గుండ్ల తోట. ఇక్కడ హైదరాబాదువాళ్లు కాసేపు నిలబడాలని నా కోరిక. ఏనుగులంత, ఇళ్లంత గుండ్లు. వాటిని పగలగొట్టలేదు, తొలగించలేదు. వాటి ఒంటి మీద మెట్లలాంటి గాట్లు చెక్కారు. ఆ గాట్లు ఎక్కడానికి కాదు, ఇటుక గోడలు, కొయ్య కట్టడాలు పట్టుకుని కూర్చోవడానికి. దాదాపు ప్రతి గుండు మీదా ఒక మండపమో గదో ఉండేది. ఒక గుండు మీద రాతి పలకలతో నీటితొట్టి కట్టారు. మరో గుండు కింద, దాని నీడలో, ఎనిమిది పలకల కొలను. గుండ్ల మధ్య వంకర టింకరగా దారులు. కొండ ఎలా ఉందో అలా ఉండనిచ్చి, దాని సందుల్లో ఇల్లు అమర్చుకున్నారు.

మన దగ్గర జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ నిండా అలాంటి గుండ్లే ఉండేవి. ఒకదాని మీద ఒకటి బొమ్మల్లా నిలబడిన ఆ రాళ్లలో ఎన్నింటినో మందుపెట్టి పేల్చి చదును చేశాం. ఆ చదును మీద మళ్లీ కృత్రిమ రాళ్లతో జలపాతం పెట్టి తోట అన్నాం. ఇది రాస్తుంటే బాధగానే ఉంది. గోల్కొండ కట్టినవాళ్లు అలా చేయలేదు. వాళ్లు గుండ్లను కోటగోడలో కలుపుకున్నారు. నీటిని చక్రాలతో అంచెలంచెలుగా ఎత్తి తొట్లలో నింపి, కాల్చిన మట్టి గొట్టాల్లో కొండ మీది మహళ్లకు పంపారు. రాతితో పోట్లాడకుండా నీళ్లు తెచ్చుకునే విద్య మన ఇంట్లోనే ఉండేది.

సిగిరియాలో నేల మీదికి దిగాక, పడమటి వైపు, నీటి తోటలు మొదలవుతాయి. గుండ్ల తోటలో ఎక్కడా సరళరేఖ కనిపించదు. ఇక్కడ అన్నీ గీత గీసినట్టు, అద్దంలో చూసినట్టు రెండు పక్కలా సమానం. నడుమ నీరు చుట్టుముట్టిన చతురస్రపు దీవి, దానికి నాలుగు వైపుల దారులు, ఆ నాలుగు మూలల్లో మూలమట్టం ఆకారపు కొలనులు. నీళ్లలోకి దిగడానికి మెట్లు. దాటితే ఫౌంటెన్ల తోట. సున్నపురాతి పలకలకు గుండ్రటి చిల్లులు పెట్టి నేలలో పరిచారు. నేల కింద కాలువలున్నాయి. ఎగువ కొలనుల్లో నీటి మట్టం పెరిగితే ఆ ఒత్తిడికి చిల్లుల్లోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి. మోటారు లేదు, మనిషి చెయ్యి లేదు. పదిహేను వందల ఏళ్ల తర్వాత, వానాకాలంలో, అవి ఇప్పటికీ చిమ్ముతాయి.

మొగ్గల్లానుడు భారతదేశం నుంచి సైన్యంతో తిరిగొచ్చాడు. కశ్యపుడు కొండ దిగి ఎదురెళ్లాడు. యుద్ధంలో ఆయన ఏనుగుకు ముందు చిత్తడి నేల అడ్డొచ్చింది. వేరే దారి పట్టడానికి ఏనుగును పక్కకు తిప్పాడు. రాజు పారిపోతున్నాడనుకుని సైన్యం చెదిరింది. ఆయన తన గొంతు తనే కోసుకున్నాడు. నీటిని కొండ నెత్తి దాకా లొంగదీసుకున్నవాడిని చివరికి ఓడించింది కాలి కింద నీరే. మొగ్గల్లానుడు సిగిరియాను తిరిగి భిక్షువులకిచ్చి, రాజధానిని అనురాధపురానికి మార్చాడు. తోటలు అడవిలో కలిశాయి. 1831లో జొనాథన్ ఫోర్బ్స్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఆ బండను చూసి రాశాడు. 1890ల్లో పురావస్తు అధికారి హెచ్.సి.పి. బెల్ అక్కడ తవ్వించాడు. నీటి తోటల నిర్మాణం ఇంత వివరంగా తెలిసింది మాత్రం 1980ల తవ్వకాల్లో, సేనక బండారనాయక నాయకత్వంలో.

ఆ కొండకు కొద్ది దూరంలోనే, దంబుల్లా దగ్గర, ఈ కాలపు కొలను ఇంకొకటి ఉంది. అది కట్టింది జెఫ్రీ బావా, శ్రీలంక వాస్తుశిల్పి. 1990ల మొదట్లో ఒక సంస్థ సిగిరియా బండ మొదట్లోనే హోటల్ కడదామని ఆయన్ను పిలిచింది. బావా ఒప్పుకోలేదు. అక్కడ కాదు, దూరంగా కందలమ చెరువు అవతల, కొండచరియను ఆనుకుని కడదామన్నాడు. అక్కణ్ణుంచి సిగిరియా దిగంతాన కనిపిస్తుంది. హోటల్ వస్తే చెరువు పాడవుతుందని భిక్షువులు, పర్యావరణవాదులు ఆందోళన చేశారు. ఆ భయం సబబైనదే. చెరువు ఒడ్డున ఏది కట్టినా మురుగు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న అడగాల్సిందే.

1994లో తెరిచిన ఆ హోటల్‌ను దూరం నుంచి చూస్తే హోటలనిపించదు. దాదాపు కిలోమీటరు పొడవున చరియ వంపులు తిరిగినట్టే తిరుగుతుంది. తీగలు కప్పేసి ఉంటాయి. కొండను చదును చేయలేదు, స్తంభాల మీద నిలబెట్టారు. లోపలికి గుహలాంటి దారిలోంచి వెళ్లాలి, పక్కన బండ తన చోటే ఉంటుంది. దారి మలుపు తిరిగేసరికి ఎదురుగా కొలను. దానికి అవతలి గట్టు లేదు. కొలను నీరు, కింద చెరువు నీరు ఒకటేననిపిస్తుంది.

ఇంగ్లిషులో దాన్ని ఇన్ఫినిటీ పూల్ అంటారు. చెరువు ఎరిగినవాళ్లకు ఆ ఉపాయం కొత్త కాదు. అవతలి గట్టును నీటి మట్టానికి సరిగ్గా సమానంగా, వెంట్రుకవాసి తేడా లేకుండా కడతారు. నీరు ఆ అంచు మీదుగా పల్చగా పొర్లి, కిందున్న తొట్టిలో పడుతుంది, పంపు దాన్ని మళ్లీ కొలనులోకి ఎక్కిస్తుంది. ఆంధ్రలో దాన్ని అలుగు పారడమంటాం, తెలంగాణలో మత్తడి దుంకడమంటాం. చెరువు నిండిన రోజున ఊరంతా వెళ్లి చూసే దృశ్యాన్ని ఈ కొలనులు ఏడాది పొడవునా ఇంటి ముందు పెడతాయి. అంచు ఒక పక్క అంగుళం వంగినా నీరంతా అటే పోతుంది, ఇటు పక్క గట్టు బయటపడుతుంది. జయగంగ తవ్వినవాళ్లయితే ఆ మట్టాన్ని చిటికెలో పట్టేవాళ్లు.

కందలమలో వాన మొదలైతే, చరియ మీది నీరు స్తంభాల సందుల్లోంచి, కట్టడం కిందుగా, ఎప్పటి దారినే వెళ్లి చెరువులో కలుస్తుంది. అటు సిగిరియాలో చిల్లుల పలకలు చిమ్మడం మొదలుపెడతాయి. కందలమ చెరువు కింద వరి పొలాలున్నాయి. తూము ఎత్తిన రోజున, అతిథులు కొలను అంచున కూర్చుని చూసిన నీరే ఆ మళ్లలోకి పారుతుంది.