వీడు కాదు, ఇంకొకడు: చచ్చి బతికినవాళ్ల కథ ఎక్కడ పుట్టింది?

చింతామణి, బాగేపల్లి చుట్టుపక్కల ఎవరైనా చావు అంచుదాకా వెళ్లి తిరిగొస్తే "ఇంకా భూమ్మీద నూకలున్నాయి" అంటారు. మంచం చుట్టూ చేరిన పెద్దవాళ్లలో ఎవరో ఒకరు వెంటనే కథ ఎత్తుకుంటారు. యమభటులు వచ్చి ఈడ్చుకుపోయారట. అక్కడ చిత్రగుప్తుడు చిట్టా తిప్పి చూసి "వీడు కాదురా, ఇదే పేరుగల ఇంకొకణ్ణి కదా తెమ్మన్నది" అని భటుల మీద కేకలేశాడట. వీణ్ణి వెనక్కి తోసేసరికి పాడె మీద లేచి కూర్చున్నాడట. అదే గడియలో పక్క వీధిలో ఆ ఇంకొకడు పోయాడట.

అదే ఊళ్లో చర్చికి వెళ్తే, సాక్ష్యాలు చెప్పే వేళ, ఇలాంటిదే మరో కథ వినిపిస్తుంది. ఇక్కడ భటులుండరు, తెల్లని బట్టల దూత ఉంటాడు. చిట్టా బదులు జీవగ్రంథం ఉంటుంది. "నీ సమయం ఇంకా రాలేదు, వెళ్లి నా గురించి చెప్పు" అన్న మాటతో మనిషి ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరుస్తాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే ఈ సరిహద్దు నేలలో రెండు కథలూ ఇరుగుపొరుగుల్లా బతుకుతున్నాయి. మొదటిది మనదనీ, రెండోది మిషనరీలతో ఓడెక్కి వచ్చిందనీ చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే విన్నాను. పాత గ్రంథాలు చెప్పేది మాత్రం వేరు. "పేరు ఒకటే, మనిషి వేరు" అన్న ఆ పొరపాటు కథ పదహారు వందల ఏళ్ల కిందటే ఒక క్రైస్తవ బిషప్పు రాతల్లో ఉంది.

ఆ బిషప్పు అగస్టీన్. ఊరు హిప్పో, ఇప్పటి అల్జీరియా తీరంలో ఉంది. చనిపోయినవాళ్ల కోసం బతికినవాళ్లు ఏం చేయాలి, హతసాక్షుల సమాధి పక్కన పాతిపెడితే పోయినవాళ్లకు మేలు కలుగుతుందా అని నోలా బిషప్పు పౌలీనస్ అడిగితే, దానికి జవాబుగా క్రీ.శ. 421 ప్రాంతంలో ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో కుర్మా అనే పల్లెటూరి మనిషి వస్తాడు. హిప్పో దగ్గరి తుల్లియం అనే ఊళ్లో ఉండేవాడు. ఊరి పాలకసంఘంలో ఏదో చిన్న పదవి చేసిన బీదవాడు, కల్లాకపటం తెలియనివాడు. జబ్బుపడి స్పృహ తప్పి రోజుల తరబడి శవంలా పడి ఉన్నాడు. ముక్కు దగ్గర చెయ్యి పెడితే సన్నగా తగిలే ఊపిరి ఒక్కటే అతన్ని పాతిపెట్టకుండా ఆపింది. గిల్లినా, గుచ్చినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కళ్లు తెరవగానే అతను అన్న మొదటి మాట: ఎవరైనా కమ్మరి కుర్మా ఇంటికి వెళ్లి అక్కడేం జరుగుతోందో చూసి రండి. వెళ్లి చూస్తే ఆ కమ్మరి కుర్మా అప్పుడే చనిపోయాడు. తనను తీసుకెళ్లిన చోట "ఈ కుర్మాను కాదు, కమ్మరి కుర్మాను తెమ్మన్నాం" అన్న మాట తాను చెవులారా విన్నానని ఇతను చెప్పాడు. పరదైసును కూడా చూశాడట. అక్కడి నుంచి పంపేస్తూ, ఈ ధన్యుల చోటికి రావాలనుకుంటే వెళ్లి బాప్తిస్మం పుచ్చుకో అన్నారట. అంతకుముందే ఆ దర్శనంలోనే హిప్పోలో అగస్టీన్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నట్టు చూశాడు. ఇది నిజం బాప్తిస్మం కాదు, నిజంగా తీసుకో అని అక్కడివాళ్లే చెప్పి పంపారు. ఆరోగ్యం కుదుటపడ్డాక ఈస్టరుకు హిప్పో వెళ్లి, నలుగురిలో ఒకడిగా పేరు రాయించుకుని బాప్తిస్మం తీసుకున్నాడు. తాను చూసింది అక్కడ ఎవరికీ చెప్పలేదు.

అగస్టీన్‌కు సంగతి తెలిసేసరికి దాదాపు రెండేళ్లు గడిచాయి. భోజనాల దగ్గర ఏదో మాటల్లో, ఇద్దరికీ తెలిసిన స్నేహితుడొకడు చెప్పాడు. అగస్టీన్ విని ఊరుకోలేదు. కుర్మాను పిలిపించాడు. అతను ఎలాంటివాడో, జబ్బుపడ్డప్పుడు ఎలా ఉన్నాడో, కమ్మరి చావు నిజమో కాదో తెలిసిన పెద్దమనుషులను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పించుకున్నాడు. ఈ కథను విన్నవాళ్లలో సాక్షులను విచారించినవాడు, నాకు తెలిసినంతలో, ఈయనే మొదటివాడు.

ఆ తర్వాత ఆయన లేవనెత్తిన ప్రశ్న ఇప్పటికీ అంతే పదునుగా ఉంది. కుర్మా ఆ లోకంలో చనిపోయినవాళ్లనే కాదు, బతికున్నవాళ్లనూ చూశాడు. స్వయంగా అగస్టీన్‌నే చూశాడు. కాని ఆ సమయంలో కుర్మా గురించి అగస్టీన్‌కు ఏమీ తెలియదు, తాను ఎక్కడికీ వెళ్లనూ లేదు. బతికున్నవాళ్లు తమకు తెలియకుండా అతని దర్శనంలో కనిపించగలిగితే, చనిపోయినవాళ్లు మాత్రం నిజంగా అక్కడే ఉన్నారని ఎలా చెప్పగలం? కలలో మనం ఎవరికో కనిపిస్తే ఆ సంగతి మనకు తెలియదు కదా. అగస్టీన్ ఆ మనిషిని అబద్ధాలకోరు అనలేదు, అతను చూసినదంతా ఉన్నదున్నట్టు నిజమనీ ఒప్పుకోలేదు. మరణానంతర జీవితాన్ని నమ్మినవాడు, ఆ నమ్మకానికి అనుకూలమైన సాక్ష్యం చేతికొచ్చినప్పుడు ఇంత జాగ్రత్తగా తూచడం నాకు గొప్పగా తోస్తుంది.

కథ వయసు ఇంకా వెనక్కి పోతుంది. రెండో శతాబ్దపు గ్రీకు రచయిత లూషియన్ కల్పించిన ఒక సంభాషణలో జ్వరపడ్డ మనిషిని పాతాళానికి తీసుకెళ్తారు. అక్కడి రాజు మండిపడి, వీడి దారం ఇంకా చుట్టి కాలేదు, కమ్మరి దెమిలస్‌ను పట్టుకురండి అంటాడు. ఇక్కడా కమ్మరే. ఆరో శతాబ్దం చివర, క్రీ.శ. 593 ప్రాంతంలో, పోపు గ్రెగరీ తన సంభాషణల గ్రంథంలో స్టీఫెన్ అనే పెద్దమనిషి కథ రాశాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో చనిపోయిన అతన్ని న్యాయాధిపతి ముందు నిలబెడితే, నేను రమ్మన్నది ఇతని పొరుగున ఉండే కమ్మరి స్టీఫెన్‌ను అని ఆయన తిప్పి పంపాడు, ఆ గడియలోనే కమ్మరి పోయాడు. దేవుడి దగ్గర పొరపాటు జరుగుతుందా అన్న శంక గ్రెగరీకి ముందే తట్టింది. అది పొరపాటు కాదు, బతికినవాళ్లకు హెచ్చరిక అని సమాధానం చెప్పుకున్నాడు. క్రీ.శ. 731లో బీడ్ ముగించిన ఇంగ్లండు చర్చి చరిత్రలో డ్రిత్‌హెల్మ్ అనే గృహస్థు సాయంత్రం చనిపోయి తెల్లవారుజామున లేస్తాడు, నరకం లోయలూ వెలుగు మైదానాలూ చూసొచ్చి సన్యాసి అవుతాడు. మధ్యయుగపు యూరప్ అంతా ఇలాంటి ప్రయాణాల కథలు పుట్టుకొస్తూనే ఉన్నాయి.

బైబిలు మాత్రం ఇక్కడ చిత్రంగా మౌనంగా ఉంటుంది. యాయీరు కూతురు లేచింది, నాయీను విధవరాలి కొడుకు లేచాడు, యొప్పేలో తబితా లేచింది, నాలుగు రోజులు సమాధిలో ఉన్న లాజరు బయటికి వచ్చాడు. వీళ్లలో ఒక్కరూ అవతల ఏం చూశారో చెప్పినట్టు ఒక్క వాక్యం లేదు. పౌలు ఒక్కడే, పద్నాలుగేళ్ల కిందట మూడో ఆకాశం దాకా వెళ్లిన మనిషిని ఎరుగుదునని కొరింథువారికి రాశాడు. తన గురించే అయినా వేరెవరో అన్నట్టు చెప్పాడు. శరీరంతో వెళ్లాడో శరీరం లేకుండా వెళ్లాడో తనకు తెలియదనీ, అక్కడ విన్నవి పలకరానివనీ రాసి ఆపేశాడు. క్రైస్తవుల నిరీక్షణ మొదటి నుంచీ ఎవరో చూసొచ్చిన దృశ్యం మీద నిలబడలేదు. అది క్రీస్తు పునరుత్థానం మీద, చివరి దినాన శరీరం తిరిగి లేస్తుందన్న మాట మీద నిలబడింది. 381లో స్థిరపడిన విశ్వాస ప్రమాణంలో ఉన్నది కూడా మృతుల పునరుత్థానమే. మన పక్క క్రైస్తవ సమాధుల మీద "ప్రభువునందు నిద్రించెను" అని చెక్కించే మాటలోని భావమూ అదే.

ఈ నమ్మకం చింతామణి, బాగేపల్లి ఉన్న మన చిక్కబళ్లాపురం నేలకు వచ్చింది చాలామంది అనుకునేదానికంటే ముందే. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్యూట్లు పాండిచ్చేరి నుంచి బయల్దేరి పుంగనూరు మీదుగా తెలుగు నేలలోకి "కర్ణాట మిషన్" పేరుతో వచ్చారు. వాళ్లలో ఒకడైన ఫాదర్ లగాక్ 1709 జనవరిలో రాసిన ఉత్తరం పైన ఊరి పేరు "చిన్నబళ్లాపురం" అని ఉంది. అదే ఇప్పటి చిక్కబళ్లాపురం. వాళ్లు కాషాయం కట్టారు, మాంసం మానేశారు, తెలుగు నేర్చుకున్నారు. మోక్షం, నరకం, పుణ్యం, పాపం అన్న మాటలు ఇక్కడి జనానికి కొత్తవి కావు. కొత్తదల్లా, మళ్లీ జన్మ లేదు, ఒక్క బతుకూ ఒక్క తీర్పూ అన్న మాట. వాళ్లకు ఎదురైన శ్రోతలు గరుడపురాణం విని పెరిగినవాళ్లు. ఆ శతాబ్దంలోనే చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్ముకునే నారేయణప్ప పుట్టాడు. గుహలో తపస్సు చేసి, తెలుగులోనూ కన్నడంలోనూ శతకాలూ కాలజ్ఞానమూ చెప్పి, 1836లో సమాధి పొందిన కైవారం తాతయ్య ఆయనే. చావు గురించి, ఆ తర్వాతి దాని గురించి మాట్లాడుకోవడానికి ఈ నేలలో మాటలకు కొరత ఎప్పుడూ లేదు.

తర్వాత లండన్ మిషన్ వచ్చింది. 1854 నాటికి పూర్తి తెలుగు బైబిలు అచ్చయింది. చిక్కబళ్లాపురంలో మిషన్ ఆసుపత్రి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వెలిసింది, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక అది సీఎస్ఐ ఆసుపత్రి అయింది. మన కథలో ఆసుపత్రికి పెద్ద చోటే ఉంది. ఇంట్లో చాప మీద పోయేవాడు ఒకసారి పోతే పోయినట్టే. ఆగిన గుండెను మళ్లీ కొట్టించడం వచ్చాక, తిరిగొచ్చి చెప్పేవాళ్ల సంఖ్య పెరిగింది.

అమెరికా వైద్యుడు రేమండ్ మూడీ 1975లో "లైఫ్ ఆఫ్టర్ లైఫ్" రాసి ఈ అనుభవాలకు కొత్త పేరు పెట్టాడు. సొరంగం, చివర వెలుగు, బతుకంతా ఒక్కసారి కళ్ల ముందు తిరగడం, పైనుంచి తన ఒంటిని తానే చూసుకోవడం - ఈ జాబితా అప్పటి నుంచే లోకానికంతా పాకింది. నిజానికి 1892లోనే స్విస్ భూగర్భ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హైమ్ ఆల్ప్స్ కొండల మీంచి జారిపడి బతికినవాళ్ల మాటలు సేకరించాడు. భయం లేదు, నొప్పి లేదు, కాలం సాగిపోయింది అన్నారు వాళ్లు.

మన దగ్గర ఈ పని చేసింది బెంగళూరు నిమ్హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా. ఇయాన్ స్టీవెన్‌సన్ అనే పరిశోధకుడితో కలిసి 1986లో ఆమె ప్రచురించిన వ్యాసంలో 16 మంది భారతీయుల అనుభవాలున్నాయి. ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు. సొరంగం లేదు. పైనుంచి ఒంటిని చూసుకోవడమూ లేదు. ఉన్నదల్లా తీసుకెళ్లేవాళ్లూ, పుస్తకం పట్టుకున్న మనిషీ, "వీడు కాదు" అన్న మాటా. ఒక కథలో తెమ్మన్నది అదే పేరుగల కుమ్మరిని, తెచ్చింది వ్యాపారిని. తర్వాత ఆమె బెంగళూరుకు 60 కిలోమీటర్ల దూరంలోని చన్నపట్న పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి విచారించి ఫలితాలు 1992లో వెలువరించారు. చిక్కబళ్లాపురం బెంగళూరుకు ఇటువైపు దాదాపు అంతే దూరం. ఇక్కడి పల్లెల్లోనూ ఎవరైనా అంత ఓపికగా తిరిగి ఉంటే బాగుండేది. తెలుగు మాట్లాడే హిందువులూ క్రైస్తవులూ ఒకే వీధిలో ఉండే చోట, ఒకే జబ్బు నుంచి లేచినవాళ్లు ఎవరిని చూశారో పోల్చి చూసే అవకాశం ఉండేది. 1977లో కార్లిస్ ఓసిస్, ఎర్లెండుర్ హరాల్డ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు తమ పుస్తకంలో ఇలాంటి పోలికే చేశారు. అమెరికాలోనూ ఉత్తర భారతంలోనూ డాక్టర్లనూ నర్సులనూ అడిగారు. చావు దగ్గర హిందువుకు హిందూ దేవతలూ యమదూతలూ, క్రైస్తవుడికి క్రీస్తూ దేవదూతలూ కనిపించారని తేలింది.

డాక్టర్లు కొలిచిన లెక్కలూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో పది ఆసుపత్రుల్లో గుండె ఆగి బతికిన 344 మందిని పిమ్ వాన్ లొమెల్ బృందం విచారిస్తే 62 మంది, అంటే 18 శాతం, ఏదో అనుభవం చెప్పారు. అది 2001లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 2023లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జిమో బోర్జిగిన్ బృందం వెంటిలేటరు తీశాక చనిపోయిన నలుగురి మెదడు తరంగాలు పరిశీలిస్తే, ఇద్దరిలో చివరి క్షణాల్లో తరంగాలు ఒక్కసారిగా ఎగసినట్టు కనిపించింది. వాళ్లిద్దరూ ఏం చూశారో చెప్పడానికి తిరిగి రాలేదు. మెదడులో ఏం జరుగుతుందో ఇవి కొంత చెబుతాయి. పరలోకం ఉందనీ లేదనీ తేల్చవు. క్రైస్తవ విశ్వాసం వీటి కోసం ఎదురుచూడాల్సిన అవసరమూ లేదు.

నన్ను బాధపెట్టేది వేరే. తిరిగొచ్చిన మనిషిని చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే తమ పక్షానికి సాక్షిగా లాగేసుకుంటారు. ఇంకా గొంతు పూడుకుపోయే ఉంటుంది, మంచినీళ్లు కూడా చెంచాతో తాగుతుంటాడు. అప్పుడే "దూత కనిపించాడా? బట్టలు తెల్లగా ఉన్నాయా?" అని అడిగేస్తారు. ఇటువైపు "భటులు నల్లగా ఉన్నారా? ఎక్కడ పట్టుకున్నారు?" అంటారు. అలా అడిగితే చెప్పేవాడు చూసింది పోయి, అడిగేవాడికి తెలిసింది మిగులుతుంది. అలాంటప్పుడు అవును, కాదు అని చెప్పించే ప్రశ్నలు వేయకుండా "ఏం జరిగింది?" అని ఒక్కసారి అడిగి, చెప్పినది చెప్పినట్టు, తెలుగులో చెబితే తెలుగులో, కన్నడంలో చెబితే కన్నడంలో, ఆ రోజే రాసిపెట్టుకోవాలి. తారీఖూ, వేళా వేయాలి. ఆసుపత్రి కాగితాల్లో గుండె ఎన్ని నిమిషాలు ఆగిందో, ఏ మందులు ఇచ్చారో ఉంటుంది, దాని నకలు జతచేయాలి. అప్పుడు పక్కన ఎవరెవరున్నారో వాళ్ల మాటలు వేరుగా రాయాలి. ఇంతకు మించి హిప్పో బిషప్పు కూడా ఏమీ చేయలేదు.