తుపాకి సరే, తూటా ఏదీ?

మా మేనల్లుడు అనకాపల్లి గవరపాలెం కుర్రాడు. ఇప్పుడు అమెరికాలో, జార్జియాలో ఉద్యోగం. అక్కడ వసంతం రాగానే అడవి టర్కీల వేట మొదలవుతుందట. ఆఫీసులో తోటివాళ్లు రమ్మన్నారని వీడికీ సరదా పుట్టింది. ఒక ఆదివారం పొద్దున్నే ఫోను. “మామయ్యా, రెండు పంప్ తుపాకులు చూసేను. ఒకటి రెమింగ్టన్, ఇంకోటి మాస్‌బర్గ్. ఏటి తీసుకోమంటావు?”

నూకాలమ్మ జాతరలో బుడగలు కాల్చే తుపాకి తప్ప ఇంకో తుపాకి ముట్టని మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా ఇది? అయినా మేనమామని కదా, ఏదో ఒకటి చెప్పాలి. “మీ ఊరి కొట్లో ఏ తూటా దొరుకుతుందో ముందు చూడరా. తుపాకి సంగతి తర్వాత” అన్నాను. వాడు నవ్వాడు. ఆ మాట నా సొంత తెలివి కాదు. మా ఊరికి పడమటి కొండల్లో వందేళ్ల కిందట ఇరవై ఆరు తుపాకులు చెప్పిన పాఠం.

ముందు వాడి రెండు తుపాకుల సంగతి. పంప్ తుపాకి అంటే గొట్టం కింద ఉండే చెక్కను వెనక్కి లాగి ముందుకు తోసేది. లాగితే కాలిన తూటా బయటకు ఎగిరిపోతుంది, తోస్తే కొత్తది లోపలికెళ్లి కూర్చుంటుంది. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్ తుపాకుల మేధావి 1890లలోనే వించెస్టర్ కంపెనీకి ఇలాంటిది తయారుచేసి ఇచ్చాడు. రెమింగ్టన్ 870 బజారులోకి వచ్చింది 1950లో. ఇప్పటికి కోటికి పైగా అమ్ముడుపోయింది. మాస్‌బర్గ్ 500 దానికి పదేళ్ల తర్వాత పుట్టిన పోటీదారు. మొదటిదాని ఒళ్లు ఉక్కు, రెండోదానిది అల్యూమినియం మిశ్రమం. మొదటిదానికి పేలకుండా ఆపే మీట ట్రిగ్గర్ వెనక పక్కన ఉంటుంది, రెండోదానికి నడినెత్తిన, బొటనవేలికి అందేలా. ఎడంచేతి వాటం వాళ్లు రెండోదాన్నే మెచ్చుకుంటారు. పెద్ద తేడాలంటే ఇవే. టర్కీ వేటగాడు చెట్టుకు ఆనుకుని కదలకుండా కూర్చుంటాడు. పెట్టలా కూత పెట్టి పుంజును రప్పిస్తాడు, నలభై గజాల్లోపు వచ్చాక ఒక్క దెబ్బ కొడతాడు. అందుకని ఇక్కడ తుపాకి కంటే తూటా ముఖ్యం. పన్నెండు బోరు అనే పేరే సీసం లెక్కలోంచి వచ్చింది. పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి బోలు అంత. అందులోనూ రెండుముప్పావు, మూడు, మూడున్నర అంగుళాల తూటాలు వేరువేరు. మూడంగుళాలకు చేసిన తుపాకిలో మూడున్నరది పెట్టకూడదు. తుపాకి కొనడమంటే జీవితాంతం ఒక కొలత తూటాకు కట్టుబడటం.

మన కొండల్లో ఈ బెడద లేదు. అక్కడ ఉన్నది నాటు తుపాకి. గొట్టం మూతిలోంచి మందు పోస్తారు, గుడ్డపీలికో కొబ్బరిపీచో పెట్టి కడ్డీతో కూరుతారు, ఆపైన సన్నగుళ్లు, మళ్లీ పీచు. మందు ఇంటి సరుకే. సురేకారం ముప్పావు వంతు, మిగిలిన పావులో బొగ్గు కాస్త ఎక్కువ, గంధకం కాస్త తక్కువ. గుళ్లు లేకపోతే సీసం కరిగించి పోసుకోవచ్చు, అదీ లేకపోతే గులకరాళ్లు, ఇనుపముక్కలు. గొట్టం పాడైతే కమ్మరి చూసుకుంటాడు. దీని జబ్బులు దీనికి ఉన్నాయి. వానలో మందు తడిస్తే పేలదు. పేలినా ఒక దెబ్బ తర్వాత మళ్లీ కూరుకునేసరికి అడవిపంది పక్క కొండ ఎక్కేస్తుంది. మందు ఎక్కువైతే గొట్టం చీలి మొహం మీదకే వస్తుంది. కానీ దీనికోసం ఏ దొర దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. 1878లో లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. తెల్లవాళ్లకు మినహాయింపు, మనవాళ్లకు లైసెన్సు. అహింస బోధించే గాంధీజీ కూడా 1918లో ఖేడాలో సైన్యంలో చేరండని రాసిన కరపత్రంలో ఈ చట్టాన్ని బ్రిటిష్ పాలన చేసిన చెడుపనుల్లో ముందు వరసలో నిలబెట్టాడు. మైదానంలో ఉన్నవాడికి తుపాకి హోదా. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ 1936లో భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లాడు. ఆయన మూడొందలకు పైగా పులుల్ని చంపానని చెప్పుకునేవాడు. ఆయన బ్యాటింగ్ చూసినవాళ్లు ఆ లెక్కను ఏ మేరకు నమ్మారో వాళ్లకే తెలియాలి. కొండమీద మాత్రం వేట హోదా కాదు, పరువు. చైత్రమాసంలో ఏజెన్సీలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్లంతా అడవికి వేటకు పోతారు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. అలాంటి ఊళ్లలో తుపాకికి లైసెన్సు చూపించమంటే అది కేవలం కాగితం సంగతి కాదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు మీద కూడా ఆంక్షలు పెట్టాక కత్తికీ తుపాకికీ గొడ్డలికీ ఒకేసారి సంకెళ్లు పడ్డట్టయింది.

1900లో కొర్రవానివలసలో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ మనసు ఒక రకంగా అయిపోతుంది. అక్కడ కొర్ర మల్లయ్య అనే ఆయన తాను పాండవుల్లో ఒకడి అవతారమనీ, తన పసిబిడ్డ సాక్షాత్తూ కృష్ణుడనీ ప్రకటించాడు. ఇంగ్లీషువాళ్లను వెళ్లగొట్టి తానే రాజ్యం ఏలుతానన్నాడు. తుపాకులెక్కడివి మరి? వెదుళ్లు. వెదురు బొంగుల్ని నరికి తుపాకుల ఆకారంలో చెక్కించాడు. సమయానికి అవి నిజం తుపాకులైపోతాయి, సర్కారు తుపాకులు నీళ్లైపోతాయి అని చెప్పాడు. వేలమంది ఆ బొంగులు పట్టుకుని కవాతు చేశారు. మే నెలలో ఒక తెల్లవారుజామున పోలీసులు వచ్చి పడ్డారు. పదకొండుమంది చనిపోయారు. 1907లో ఫ్రాన్సిస్ దొర రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఈ కథ ఒక వింత ముచ్చటలా ఉంటుంది. నాకు మాత్రం వింత కనిపించదు. తుపాకి లేనివాడు తుపాకి గురించి ఎంత లోతుగా ఆలోచించాడో కనిపిస్తుంది. ఎదుటివాడి తుపాకి నీళ్లు కావాలి అనుకున్నాడు చూశారా, ఆ కోరికలో సగం న్యాయం ఉంది. సర్కారు తుపాకికి తూటాయే ప్రాణం. అది అందకపోతే ఆ తుపాకి నిజంగా నీళ్లే.

ఇరవై రెండేళ్ల తర్వాత అవే తూర్పు కనుమల్లో ఇంకొక ఆయన వెదుళ్ల జోలికి పోలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దాదాపు మూడొందలమందితో చింతపల్లి పోలీస్ స్టేషన్‌కు వచ్చాడు. పదకొండు తుపాకులు, 1390 తూటాలు, ఐదు కత్తులు, పద్నాలుగు బాయొనెట్లు తీసుకున్నాడు. తీసుకున్నవన్నీ స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. మర్నాడు కృష్ణదేవిపేటలో ఏడు తుపాకులు. ఆ మర్నాడు రాజవొమ్మంగిలో ఎనిమిది తుపాకులు, వాటితోపాటు అక్కడ ఖైదులో ఉన్న వీరయ్యదొర అనే ఆయన్నీ విడిపించాడు. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, ఇరవై ఆరు తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు. ఈ మూడు చోట్లలో కృష్ణదేవిపేట ఒక్కటే ఇప్పుడు మా అనకాపల్లి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని విడదీసినప్పుడు చింతపల్లి, రాజవొమ్మంగి రెండూ రాజు పేరున్న జిల్లాలోకి పోయాయి, రాజు సమాధి మాత్రం మాకు మిగిలింది.

ఆ దళంలో చేరినవాళ్లలో విల్లమ్ములు, నాటు తుపాకులు తెలిసినవాళ్లు ఎందరో. రాజుకు రెండు దారులూ తెలుసు. ఎక్కడపడితే అక్కడ మందు దొరికే నాటు తుపాకి ఒకటి. వానకు జంకకుండా టపటపా పేలే పోలీసు తుపాకి ఇంకొకటి. ఆయన రెండోదాన్ని ఎంచుకున్నాడు. సరిగ్గానే ఎంచుకున్నాడు, ఆ నెలరోజుల్లోనే అది తేలిపోయింది. సెప్టెంబర్ 24న దామనపల్లి కనుమలో పోలీసు దండు వెళుతోంది. ముందు నడుస్తున్న మన పోలీసుల్ని పోనిచ్చారు. వెనక తెల్ల అధికారులు స్కాట్ కవార్డ్, హైటర్ రాగానే కాల్చారు. ఇద్దరూ అక్కడే పడిపోయారు. గోకిరి ఎర్రేసు గురి అని కొండమీద ఇప్పటికీ చెప్పుకుంటారు. పొదలో కదలకుండా కూర్చోవాలి, పోనివ్వాల్సినదాన్ని పోనివ్వాలి, కావాల్సిన దాని మీద ఒక్క దెబ్బ. అది సైనిక పాఠశాలలో నేర్పే విద్య కాదు. ఇటుకల పండక్కి అడవికి వెళ్లే ప్రతి కుర్రాడికీ తెలిసిన విద్యే. ఆ అధికారులిద్దరి సమాధులూ నర్సీపట్నంలో ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క వెయ్యండి. రెండున్నర వేల తూటాలు, ఇరవై ఆరు తుపాకులు. తుపాకికి తొంభై ఆరు. ఉద్యమం నడిచింది ఇరవై నెలలకు పైగా. అంటే ఒక్కో తుపాకికి నెలకు ఐదు తూటాలు కూడా రావు. మా మేనల్లుడు గురి సరిచూసుకోవడానికి ఒక్క మధ్యాహ్నం కాల్చేవి అంతకంటే ఎక్కువుంటాయి. ఇది మొదటి మూడు రోజుల మూలధనం లెక్క మాత్రమే, తర్వాత చేతికొచ్చినవీ చేజారినవీ ఉన్నాయి. అయినా అసలు సంగతి మారదు. సురేకారం కలుపుకుని పోలీసు తూటా తయారుచేసుకోలేం. కమ్మరి కొలిమిలో అది పుట్టదు. అది పుట్టే కార్ఖానా సర్కారుది. సర్కారు తుపాకి పట్టుకున్న రోజే రాజు తన యుద్ధానికి సరుకు ఎవరి దగ్గర్నుంచి రావాలో కూడా నిర్ణయించుకున్నట్టయింది. శత్రువే ఆయన కొట్టు.

ఆ కొట్టును సర్కారు మూసేసింది. దీన్ని గొప్ప ఎత్తుగడగా ఎవరూ రాయరు గానీ, నా దృష్టిలో మన్యం పోరాటం మలుపు తిరిగింది ఇక్కడే. అక్టోబర్ 15న రాజు అడ్డతీగల స్టేషన్‌కు వచ్చేసరికి ఆయుధాలు లేవు, ముందే దాచేశారు. కొద్దిరోజులకే రంపచోడవరంలోనూ చేతికి చిక్కింది ఏమీ లేదు. జనం మాత్రం ఎక్కడికక్కడ హారతులు పట్టారు. హారతి గొట్టంలో కూరడానికి పనికిరాదు కదా. డిసెంబర్ 6న పెదగడ్డపాలెం దగ్గర, ఆ రాత్రే లింగాపురం దగ్గర మనుషులూ పోయారు, ఉన్న ఆయుధాల్లో కొన్నీ పోయాయి. మలబారు పోలీసులూ దిగారు. 1923 ఏప్రిల్ 17న అన్నవరం స్టేషన్‌కు రాజు కొద్దిమందితో వచ్చాడు. అక్కడా ఆయుధాలు దొరకలేదు. ఆ తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చాయి. 1924 మే 7న మంప దగ్గర పట్టుబడ్డాడు. కొయ్యూరులో కాల్చేశారు. కృష్ణదేవిపేటకు తెచ్చి దహనం చేశారు, ఏడు తుపాకులు తీసుకున్న ఆ ఊరికే. మరుసటి నెలలోనే రాజు అనుచరుడు గాం గంటందొర పడిపోయాడు. ఆయన తమ్ముడు మల్లుదొర జైలు నుంచి ప్రాణాలతో బయటపడి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

దేశానికి స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. దాని పదమూడో సెక్షన్‌లో ఈ రెండు తుపాకులూ పక్కపక్కనే ఉన్నాయి. ఆత్మరక్షణకో వేటకో కనీసం ఇరవై అంగుళాల నునుపు గొట్టం తుపాకి, పంట కాపాడుకోవడానికి మూతిలోంచి మందు కూరే తుపాకి. వేట మాట 1972 వన్యప్రాణి చట్టంతో అడుగంటింది. నెమలినో అడవికోడినో కొట్టడానికి పోతే ఇప్పుడు నేరుగా జైలుకే. అమెరికాలో దారి వేరు. అక్కడ 1937 నాటి చట్టం ప్రకారం తుపాకుల మీదా తూటాల మీదా వేసే పన్నును వన్యప్రాణుల సంరక్షణకు ఖర్చు పెడుతున్నారు. దాదాపు అంతరించిపోయిన అడవి టర్కీ మళ్లీ లక్షల్లో పెరిగింది. మా వాడు కొనే ప్రతి తూటాలోనూ ఆ పిట్టకు వాటా ఉంది.

పంట కాపాడుకునే తుపాకి మాత్రం మా వైపు ఇంకా బతికే ఉంది. బెల్లానికి పేరున్న నేల కదా మాది, చెరకు తియ్యదనం మనకంటే అడవిపందికి బాగా తెలుసు. ఒక్క రాత్రిలో అర ఎకరం తోటను పడగొట్టి పోతాయి. నా చుట్టం ఒకాయనకు నాటు తుపాకి లైసెన్సు ఉంది. పెద్దవాడు, ఎనభై దాటాయి. తండ్రి నాటి తుపాకి, గోడకు మేకు కొట్టి తగిలించాడు. మొన్న వెళ్లినప్పుడు “ఇంకా పేలుతుందా తాతా?” అని అడిగాను. “ఏటి పేలడం బాబూ! మందు దొరికితే గదా. రాత్రిపూట డబ్బా కొడతన్నాం” అన్నాడు. లైసెన్సు మాత్రం గడువు దాటకుండా తిరగరాయిస్తున్నాడు. ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకిని స్టేషన్‌లో అప్పగించాలి. బస్సెక్కించుకుని తీసుకెళతాడు. అక్కడ పోలీసు పెద్ద పుస్తకం తెరిచి నాటు తుపాకి ఒకటి, తూటాలు లేవు అని రాస్తాడు. ఈయన పక్కన సంతకం పెట్టి ఇంటికొస్తాడు.