బఠానీ లెక్కతో వచ్చిన మన పొట్టి వరి

మా కూచిపూడి, మొవ్వ వైపు సార్వా చేలు చూస్తే ఇప్పుడు పైరు నడుము దాకానే ఉంటుంది. అక్కుళ్లు, కృష్ణ కాటుకలు వేసిన రోజుల్లో గుండెల దాకా పెరిగేదని పెద్దవాళ్లు చెబుతారు. ఎరువు కాస్త ఎక్కువైతే కంకి బరువుకి చేనంతా పడిపోయేది. ఆ పొడుగు ఎలా తగ్గిందో తెలుసుకుంటే, ఏ విత్తనం దాచుకోవచ్చో ఏది దాచుకోకూడదో కూడా తెలుస్తుంది.

ఇప్పటి చెక్ దేశంలోని బర్నో ఊళ్లో గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. 1856 నుంచి ఏడెనిమిదేళ్లు మఠం తోటలో బఠానీ పెంచాడు. పొడుగు రకాన్నీ పొట్టి రకాన్నీ సంకరం చేస్తే మొదటి తరం మొత్తం పొడుగే వచ్చింది. ఆ మొక్కల గింజల్నే మళ్లీ విత్తితే 787 పొడుగు, 277 పొట్టి వచ్చాయి. అంటే సుమారు మూడుకి ఒకటి.

ఆయన తేల్చింది ఇదీ. ఒక్కో గుణానికి మొక్కలో రెండు పాళ్లు ఉంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. వాటినే ఇప్పుడు జన్యువులు అంటున్నాం. రెండింట్లో ఒక్కటి పొడుగుదైనా మొక్క పొడుగే. రెండూ పొట్టివైతేనే పొట్టి. రెండు రూపాయి బిళ్లలు కలిపి ఎగరేస్తే, సగటున నాలుగుసార్లకి ఒకసారి రెండూ బొరుసు పడతాయి కదా, అదే లెక్క. 1866లో ఇది అచ్చయింది గానీ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మెండెల్ 1884లో పోయాడు. లోకం గుర్తించింది 1900లో.

1962లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్ అనే శాస్త్రవేత్త, పీటా అనే పొడుగు వరిని తైవాన్ పొట్టి వరితో సంకరం చేశాడు. మొదటి తరం అంతా పొడుగే! లెక్క తెలియనివాడైతే అక్కడే వదిలేసేవాడు. రెండో తరంలో నాలుగో వంతు పొట్టివి వచ్చాయి. పొట్టి మొక్కలో దాక్కున్న పొడుగు ఉండదు కాబట్టి, వాటి గింజలు పొట్టివే ఇస్తాయి. అలా ఏరుకుంటూ పోతే 1966లో ఐఆర్-8 విడుదలైంది. మరుసటి ఏడాదే ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని తన పొలంలో వేశారు.

మనం వేసే సాంబ మషూరి, అదే బీపీటీ 5204, కృష్ణకి అవతల బాపట్లలో తయారై 1986లో విడుదలైంది. జీఈబీ-24, టీఎన్-1, మషూరి దాని పూర్వీకులు. పొట్టితనం టీఎన్-1 నుంచి వచ్చింది. టీఎన్-1 కూడా ఆ తైవాన్ పొట్టి వరి సంతానమే. ఇంకో విశేషం, మొక్కని సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీలో లోటు వల్లే మెండెల్ బఠానీ, మన వరి రెండూ పొట్టివయ్యాయని 1997లో బఠానీకి, 2002లో వరికి తేలింది.

ఇక విత్తనం సంగతి. బీపీటీ లాంటి రకాన్ని తరాల తరబడి ఏరి స్థిరపరిచారు. ప్రతి గుణానికీ రెండు పాళ్లూ ఒకటే. వరి ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది. అందుకే శుభ్రంగా దాచుకుంటే మరుసటి ఏడాదీ అదే పంట. హైబ్రిడ్ మొక్కజొన్న అలా కాదు. అది మెండెల్ మొదటి తరం లాంటిది. చూడ్డానికి అంతా ఒకేలా ఉంటుంది గానీ లోపల రెండు పాళ్లు వేరు వేరు. ఆ గింజ దాచి వేస్తే ఎత్తు, కండె, కోత సమయం అన్నీ విడిపోతాయి. దిగుబడికి ఒక్క జన్యువు కాదు, చాలా ఉంటాయి కనక చేను ఎగుడుదిగుడుగా వస్తుంది. కొన్న విత్తనం ఖరీదు మిగులుతుందని దాచుకుంటే పంటలో అంతకన్నా ఎక్కువ పోతుంది.

వరి విత్తనం సొంతంగా దాచేవాళ్లు ఈ సార్వాకి ఒక పని చేయండి. విత్తనానికని ఒక మడి విడిగా పెట్టుకోండి. పొట్టి చేలో పొడుగు జన్యువు దాక్కోలేదు, ఒక్క పాలున్నా మొక్క పైకి లేచి కనబడుతుంది. అలాంటి కేళీల్ని పూత రాకముందే వేళ్లతో సహా పీకేయండి. పూతలోనూ, కోత ముందూ మరోసారి మడి తిరిగి, కంకి రంగు, గింజ సైజు తేడాగా ఉన్నవి తీసేయండి. ఆ మడి పంట విడిగా కోసి, విడిగా నూర్చి, బాగా ఎండబెట్టి దాచండి.