చార్మినార్ నేర్పిన పాఠం

మా ఇల్లు రాయచూరు బజారులో ఉంది. కింద నాన్న కిరాణా కొట్టు, మీద మేము ఉంటాం. ఈ ఏడు ఇంకో అంతస్తు వేయాలనుకున్నారు. ముందున్న అరుగు మూసేసి, అక్కడ ఇంకో షాపు కట్టి బాడుగకిస్తే డబ్బు సర్దుబాటు అవుతుందని పెదనాన్న అన్నారు. ఆ అరుగు మీదే సాయంత్రం నానమ్మ కూర్చుంటుంది. మధ్యాహ్నం హమాలీలు సద్దిమూట విప్పుకుంటారు. నాకు మనసొప్పలేదు. కానీ ఏం చెప్పాలో తెలియలేదు. చరిత్ర పాఠంలో చార్మినార్ వచ్చినప్పుడు జవాబు దొరికింది.

మా ఊళ్లోనూ ఒక మినార్ ఉంది. అది ఏక్ మినార్ మసీదు. బహమనీ సుల్తాన్ మహమూద్ షా కాలంలో, 1513 ప్రాంతంలో కట్టారు. ఎత్తు సుమారు 65 అడుగులు, లోపల మెలికలు తిరిగే మెట్లు. దాని పని ఒక్కటే, ప్రార్థనకు పిలవడం.

చార్మినార్ అలా కాదు. గోల్కొండ కోటలో జనం ఎక్కువై, నీళ్లకు ఇబ్బంది రావడంతో మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ అవతల కొత్త నగరం కట్టించాడు. మీర్ మోమిన్ అస్త్రాబాదీ దానికి ప్లాను వేశాడు. ముందుగా నాలుగు దారులు కలిసే చోటు చూసుకుని, 1591లో అక్కడ చార్మినార్ నిలబెట్టారు. దాని ఎత్తు సుమారు 56 మీటర్లు. పైఅంతస్తులో మసీదు, దాని కింది అంతస్తులో ఒకప్పుడు మదర్సా నడిచిందని చెబుతారు. నేల మీద మాత్రం గోడలు లేవు. నాలుగు వైపులా సుమారు 11 మీటర్ల వెడల్పు కమానులు. చుట్టూ బజారు. 1889లో నాలుగు దిక్కులా గడియారాలు పెట్టారు. అంటే దాదాపు 300 ఏళ్ల తర్వాత కూడా దానికి కొత్త పని దొరికింది.

ఇక్కడే నాకు ఒక విషయం అర్థమైంది. నమాజు, చదువు పైకి వెళ్లాయి, నేలని మాత్రం దారిన పోయేవాళ్లకే వదిలేశారు. రాజు తలచుకుంటే కింద కూడా గదులు కట్టి ఉండొచ్చు కదా! అలా కట్టి ఉంటే నాలుగు దారులూ అక్కడే ఆగిపోయేవి, బజారు వేరే చోటికి పోయేది. ఈరోజు పెద్ద ఊళ్లలో కింద షాపులు, మధ్యలో ఆఫీసులు, పైన ఇళ్లు ఉన్న టవర్లు కడుతున్నారు. వాటిలో చాలావాటికి గేటు దగ్గరే వాచ్‌మన్ ఆపేస్తాడు.

1956 వరకు మా జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. కాబట్టి చార్మినార్ మాకు పరాయిది కాదు.

నోటుబుక్కులో రెండు బొమ్మలు పక్కపక్కనే గీశాను, ఒకటి చార్మినార్, రెండోది మా ఇల్లు. నాన్నకు చూపించి ఇదంతా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు మేస్త్రీ వచ్చి టేపు తీసినప్పుడు మాత్రం, "అరుగు వదిలేసి కొలువు" అన్నారు.