కథ విన్న పిల్లవాడే పుస్తకం రాశాడు: డకోటా రచయిత ఒహియేసా

అమెరికాలోని డకోటా ఆదివాసుల ఇళ్లలో పూర్వం ఒక పద్ధతి ఉండేది. రాత్రిపూట తల్లో తండ్రో, తాతో నాయనమ్మో పిల్లలకు ఒక కథ చెప్పేవారు. మర్నాటి రాత్రి ఆ పిల్లవాడే లేచి దాన్ని తిరిగి చెప్పాలి. ఇంట్లోవాళ్లంతా చుట్టూ కూర్చుని వింటారు. తప్పు చెబితే సరిదిద్దుతారు, బాగా చెబితే మెచ్చుకుంటారు. పలకా బలపం లేని ఆ బడిలో చదువుకున్న ఒక పిల్లవాడు పెద్దయ్యాక డాక్టరయ్యాడు. తాను విన్న జంతువుల కథల్ని, తాతల నాటి కథల్ని పిల్లల కోసం పుస్తకాలుగా రాశాడు. అతని పేరు ఒహియేసా. పుస్తకాల మీద ఉండే ఇంకో పేరు చార్లెస్ అలెగ్జాండర్ ఈస్ట్‌మన్.

ఒహియేసా 1858లో మిన్నెసోటా ప్రాంతంలో పుట్టాడు. పుట్టిన కొన్నాళ్లకే తల్లి చనిపోయింది. అందుకని మొదట అతన్ని 'హకదా' అన్నారు. అంటే పాపం, కడగొట్టువాడు అని. తర్వాత ఒక బంతాటలో అతని పక్షం గెలిస్తే 'ఒహియేసా' అనే పేరు పెట్టారు. అంటే గెలిచినవాడు. పెంచింది నాయనమ్మ ఉంచీద.

అతనికి నాలుగేళ్లప్పుడు, 1862లో, డకోటాలకూ అమెరికా ప్రభుత్వానికీ యుద్ధం జరిగింది. ఒప్పందాల పేరుతో భూమి తీసుకున్న ప్రభుత్వం ఇస్తానన్న డబ్బు సమయానికి ఇవ్వలేదు. జనం ఆకలితో తిరగబడ్డారు. ఓడిపోయాక, ఆ ఏడాది డిసెంబరు 26న మాన్‌కేటో ఊళ్లో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. తండ్రిని కూడా ఉరితీశారనే ఇంట్లోవాళ్లు అనుకున్నారు. నాయనమ్మ, చిన్నాన్న పిల్లవాణ్ణి తీసుకుని కెనడా వైపు పారిపోయారు. అక్కడి అడవుల్లోనే అతను వేట నేర్చాడు, కథలు విన్నాడు, తెల్లవాళ్ల మీద పగ తీర్చుకోవాలని కూడా నేర్చుకున్నాడు.

పదిహేనో ఏట చనిపోయాడనుకున్న తండ్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఉరి తప్పి, జైలులో ఉండి, క్రైస్తవం పుచ్చుకుని, కొడుకును వెతుక్కుంటూ వచ్చాడు. ఇక బతకాలంటే చదువు తప్పదన్నాడు. ఒహియేసా జుట్టు కత్తిరించుకుని బడికి వెళ్లాడు. తర్వాత పెద్ద బడికి సుమారు 150 మైళ్లు నడిచి వెళ్లాడు. 1887లో డార్ట్‌మత్ కాలేజీలో పట్టా, 1890లో బోస్టన్‌లో డాక్టరు పట్టా తీసుకున్నాడు.

అదే 1890 చివర పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ప్రభుత్వ డాక్టరుగా చేరాడు. (ఇక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగాల కోటా కాదు. ఆదివాసుల్ని ఉంచడానికి ప్రభుత్వం గిరి గీసిన నేల.) డిసెంబరు 29న దగ్గర్లోని వూండెడ్ నీ వాగు దగ్గర సైన్యం లకోటా జనాన్ని కాల్చి చంపింది. చనిపోయినవాళ్లు 150కి పైనే అని ఒక లెక్క, 300 దాకా అని ఇంకో లెక్క. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువ. క్రిస్మస్ అలంకరణలు ఇంకా తీయని చర్చిలో బల్లలు తొలగించి, గడ్డి పరిచి, గాయపడినవాళ్లను పడుకోబెట్టారు. వైద్యం చేసినవాళ్లలో ఒహియేసా ఒకడు. మంచు తుఫాను తగ్గాక, జనవరి 1న, బతికినవాళ్లను వెతకడానికి బయల్దేరాడు. శవాల మధ్య గుడ్డల్లో వెచ్చగా చుట్టి ఉన్న ఏడాది పసిబిడ్డ దొరికింది. ఒక బండి కింద కళ్లు కనబడని ముసలమ్మ దొరికింది.

పిల్లల పుస్తకాల గురించి చెబుతూ ఇదంతా ఎందుకు అనిపించవచ్చు. కానీ ఇది జరిగిన మూడేళ్లకే అతను తన చిన్ననాటి ముచ్చట్లు రాయడం మొదలుపెట్టాడు. ఏజెన్సీ అధికారితో గొడవపడి 1893లో ఉద్యోగం వదిలాడు. సెయింట్ పాల్ నగరంలో రోగులు సరిగా రాని డాక్టరుగా ఖాళీగా కూర్చున్నప్పుడు రాసిన ఆ ముక్కలు 'సెయింట్ నికొలస్' అనే పిల్లల పత్రికలో వచ్చాయి. వాటినే పెంచి 1902లో 'ఇండియన్ బాయ్‌హుడ్' పుస్తకం చేశాడు. ఆ జీవితాన్ని కళ్లారా చూడలేనంత ఆలస్యంగా పుట్టిన తన కొడుక్కి దాన్ని అంకితమిచ్చాడు. ఆ శవాల మంచు చూసిన మనిషి పగ గురించి కాక, నాయనమ్మ గురించీ, పెంపుడు జంతువుల గురించీ రాయడం కొందరికి మెతకదనంగా కనబడింది. నాకు అలా అనిపించదు. ఈ జనం అడవి మృగాలని రాజ్యం చెబుతున్న రోజుల్లో, మాకూ బాల్యం ఉంది, మాకూ కథ చెప్పే ముసలివాళ్లున్నారు అని తెల్లవాళ్ల పిల్లలకే చెప్పడం చిన్న పనేం కాదు.

1904లో 'రెడ్ హంటర్స్ అండ్ ది యానిమల్ పీపుల్' వచ్చింది. అంతా జంతువుల కథలే. అడవిపిల్లి జాతి తల్లి, తోడేళ్లు, గద్ద, ఎలుగు, వాగులకు ఆనకట్ట కట్టే బీవర్లు. పేరులోనే చూడండి, జంతువుల్ని అతను 'జనం' అన్నాడు. బీవర్ల కథ పేరు 'ఏటి జనం'. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో ఒక పెద్ద వాదం నడుస్తోంది. జంతువులకు మనిషి బుద్ధులు అంటగట్టి కథలు రాసేవాళ్లు మోసగాళ్లని జాన్ బరోస్ 1903లో ఒక పత్రికలో దుయ్యబట్టాడు. ఒహియేసా తన ముందుమాటలో గొడవ పెట్టుకోలేదు. తెల్లవాళ్లకు నమ్మశక్యంగా లేని సంగతులు కూడా మా వేటగాళ్లు చూసి చెప్పుకున్నవే, మా జనం నమ్మేవే అని చెప్పి ఊరుకున్నాడు. తోడేలును మ్యూజియంలో చూసినవాడికీ, దానితో ఒకే కొండ మీద ఆకలి పడినవాడికీ ఆ మాత్రం తేడా ఉంటుంది మరి.

పాత కథల్ని తిరిగి చెప్పిన పుస్తకం 'విగ్వామ్ ఈవెనింగ్స్', 1909లో వచ్చింది. భార్య ఎలెయిన్ గుడేల్‌తో కలిసి రాశాడు. ఆమె తెల్లజాతి ఉపాధ్యాయిని, డకోటా భాష నేర్చుకున్న మనిషి. ఇందులో 27 రాత్రులు, 27 కథలు. చెప్పేది స్మోకీ డే అనే ముసలి తాత. చిన్నప్పుడు నాయనమ్మ ఒహియేసా చేతికి కానుక ఇచ్చి కథల కోసం పంపింది ఈ తాత దగ్గరికే. మొదటి రాత్రి కథలో ఒక చిట్టెలుక, మేత మేస్తూ తన చోటు పాడుచేసిన అడవిదున్నతో పోరుకు దిగుతుంది. చెవిలో దూరి దాన్ని చంపుతుంది. గెలిచిన మిడిసిపాటుతో మాంసం కోసిపెట్టిన నక్కకు చిన్న చిన్న ముక్కలు విదిలిస్తుంది. చివరకు నక్క ఎలుకనే నోట్లో వేసుకుంటుంది. ఇంకో రాత్రి సాలీడు మనిషి ఉంక్టోమీ వస్తాడు. వీపున పాటల మూట ఉందని చెప్పి బాతుల్ని కళ్లు మూసుకుని ఆడమంటాడు. అవి ఆడుతుంటే ఒక్కొక్కదాని మెడ విరుస్తాడు. మూటలో ఏముందో చూడకుండా ఆడే బాతులు ఈ కాలంలోనూ కనబడతాయి.

ఇంత మంచి పుస్తకంలోనూ నన్ను ఇబ్బంది పెట్టే సంగతులున్నాయి. ప్రతి కథ చివర ఒక నీతి వాక్యం ఉంటుంది. అది స్మోకీ డే తాత చెప్పిందా, పుస్తకం కొనే ఇళ్ల కోసం చేర్చిందా అంటే, నా అనుమానం రెండో దాని మీదే. విగ్వామ్ అనే మాట కూడా డకోటాలది కాదు. అది తూర్పు ప్రాంతపు వేరే తెగల మాట. డకోటాల గుడారం పేరు టీపీ. తెల్ల పాఠకులకు తెలిసిన మాటే అట్ట మీదికి ఎక్కింది. 1921లో భార్యాభర్తలు విడిపోయారు. ఆ తర్వాత 1939లో చనిపోయేదాకా ఒహియేసా కొత్త పుస్తకం ఒక్కటీ వేయలేదు. దాన్నిబట్టి ఆ పుస్తకాల్లో ఆమె చెయ్యి ఎంత అనే వాదం ఇంకా ఉంది. దిద్దింది ఆమె కావచ్చు, కానీ ఆ రాత్రుల్లో కూర్చుని విన్నది ఆమె కాదు.

మన ఆదిలాబాద్ రాజ్‌గోండుల పురాణ కథల్ని హైమండార్ఫ్ 1940లలో సేకరించి, 1948లో లండన్‌లో పుస్తకం వేశారు. ఆయన చేసిన మేలును ఎవరూ కాదనరు. కానీ కిక్రి వాయిస్తూ ఆ కథల్ని తరతరాలు మోసింది ప్రధాన్లు. అట్ట మీద పేరు మాత్రం సేకరించినవారిది. ఒహియేసా దగ్గర తేడా ఇక్కడే. కథ విన్న పిల్లవాడే పుస్తకం మీదికి ఎక్కాడు, అదీ తన డకోటా పేరుతో సహా. 'చార్లెస్ ఎ. ఈస్ట్‌మన్' పక్కన 'ఒహియేసా' అని వేయించుకోవడం అతను మానలేదు.

అతను చేయనిది ఒకటుంది. ఆ కథలన్నీ ఇంగ్లీషులోనే రాశాడు. హాస్టల్ బడుల్లో డకోటా మాట్లాడితే పిల్లల్ని శిక్షిస్తున్న కాలం అది. తమ తాత కథ ఆ పిల్లలకు చేరాలంటే శిక్షించేవాడి భాషలోనే చదవాలి. మన ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లకు ఈ మెలిక ప్రత్యేకంగా విడమర్చి చెప్పనక్కర్లేదు. డకోటాల్లోనే పుట్టిన ఎల్లా డెలోరియా ఇంకో దారి పట్టింది. ముసలివాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పిన మాటల్లోనే రాసుకుని, 1932లో 'డకోటా టెక్స్ట్స్' ప్రచురించింది. 64 కథలు. ముందు డకోటా భాషలో, దానికి తోడుగా ఇంగ్లీషు అర్థం. ఊళ్లకు ఊళ్లను మింగే రాకాసి ఇయా ఒహియేసా పుస్తకంలోనూ ఉన్నాడు, ఈమె పుస్తకంలో మొదటి కథలోనే ఉన్నాడు. ఈ రెండో చోట వాడు డకోటాలో మాట్లాడతాడు.