మల్కిభరాముడు - ముల్కు శబ్దము

పాలమూరు సీమయందలి కోయిలకొండ దుర్గద్వారముకడ 1550వ సంవత్సరపు తెలుగు శాసనమొకటి కలదు. ఇబ్రహీం కుతుబ్‌షాకు విధేయులై యుండవలెనని యది చాటుచున్నది. ఆ యేటనే గోలకొండ సింహాసనమెక్కిన యాతనిని తెలుగు కవులు మల్కిభరాముడనిరి; అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆతనికే యంకితమొసగెను. మలిక్, ఇబ్రహీం అను రెండు పదములు కలిసి తెలుగునోట రామశబ్దాంతమైనవి. సంస్కృత వ్యుత్పత్తి వెదకువారిచ్చట మోసపోవుట సులభము.

ఇబ్రహీమనగా యూదుల మూలపురుషుడగు అబ్రాహామే. రాజార్థకమగు మలిక్ అను నరబ్బీ పదమునకు హీబ్రూలోని మెలెఖ్ సోదరశబ్దము. మూడు హల్లులు నిలిచియుండగా నడుమ నచ్చులు మాఱుచు నర్థభేదమును గలిగించుట యా భాషల ధాతుస్వభావము; పాణినీయులకిది వింతగా దోచును. హీబ్రూలో మల్కా యనగా రాణి, మల్ఖూత్ అనగా రాజ్యము. ఐరోపా యూదుల యిద్దిషుభాష జర్మను కుటుంబములోనిదయ్యును ఈ మాటలను హీబ్రూనుండియే గైకొని మేలెఖ్, మల్కె, మల్ఖెస్ అని పలుకును. మెలూఖె యను రాజ్యవాచకము దానియందు ప్రభుత్వమను నర్థమును బొందినది. తెలుగు బైబిలు చదివినవారు మెల్కీసెదెకు, అబీమెలెకు, ఎలీమెలెకు అను పేళ్లలో నీ ధాతువును ఎఱుగుదురు.

నల్లగొండ, పాలమూరు సీమలకిది పాలకుల బిరుదములతో వచ్చినది. గోలకొండ వంశస్థాపకుడు కుతుబుల్‌ముల్కు; అసఫ్‌జాహీ వంశస్థాపకుడు నిజాముల్‌ముల్కు. ముల్కు మొదట రాజ్యము, పిదప దేశము. ముల్కీ యనగా దేశీయుడు. రాజునకు జెందిన మాట ప్రజకు జెందిన మాటయగుట యిచ్చటి విశేషము. 1919 నాటి నిజాము ఫర్మానా సర్కారు కొలువులకు ముల్కీలే యర్హులనెను. పదునైదేండ్ల నివాసము ముల్కీత్వమునకొక హేతువు. నిజాము పాలన 1948లో ముగిసినను మాట చావలేదు. 1952లో నది యొక యాందోళనకు పేరయ్యెను. 1972లో సర్వోన్నత న్యాయస్థానము ఆ నిబంధనలు చెల్లుననగా, 1973లో నవి రద్దయినవి.

దేశ్యవ్యవహారమున రాజశబ్దము రాచ యై, నల్లగొండ సీమయందలి రాచకొండలో నిలిచినది. దానినే రేచెర్ల సింగభూపాలుడు సంస్కృతమున రాజాచలమనెను. ఇక కడప ప్రాంతపు శాసనములలోని ములికినాడు సుల్తానులకు జాల పూర్వపుది. దానికిని ముల్కునకును జుట్టఱికము లేదు.