బాట బాగుచేసిన చేతులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము - ఈ మూడు ఊళ్లును ఒకే బాట మీద నున్నవి. కదిరి వైపునుండి వచ్చు ఆ బాట మదనపల్లెను, పుంగనూరును, పలమనేరును దాటి, కుప్పము మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోవుచున్నది. నేడు దానికి 42వ జాతీయ రహదారి యని పేరు. ఊరి వెలుపల బాట ప్రయాణమునకే పనికివచ్చును. ఊరిలో ప్రవేశించినంతనే అది అంగళ్ల వీధి యగును, సంత యగును, పదిమంది కలసి మాటలాడుకొను చోటగును. అట్టి పెద్దవీధిని అచటి నివాసులే కలసి బాగుచేసికొనవలెనను తలంపు మన దేశములో ఎట్లు పెరిగినదో, అందు ఎవరి చేయి ఎంత పడినదో విచారింతము.

ఈ బాట ఒకప్పుడు మూడు ఏలుబడుల గుండా నడచినది. మదనపల్లె ప్రాంతము 1800లో నిజాము కుంఫిణీవారికి ఒప్పగించిన దత్తమండలములలో చేరినది; అది కడప జిల్లాలో నుండెడిది. పుంగనూరు ఒక జమీందారీ. కుప్పము కంగుంది జమీందారీలోనిది. ఈ రెండును ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందినవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మూడును ఒక జిల్లా క్రిందికి వచ్చినవి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీల అధికారమును అంతరించినది.

రైలు మాత్రము ఈ ఊళ్లను సమముగా చూడలేదు. బెంగుళూరు - జోలార్‌పేట మార్గము కుప్పము మీదుగా పోయినది. ధర్మవరము - పాకాల మార్గము మదనపల్లె పట్టణమునకు దూరముగా సాగినది. ఆ స్టేషను పేరే 'మదనపల్లె రోడ్డు'. పుంగనూరికి రైలే లేదు. కావున మదనపల్లె టమాటాలు దూరపు సంతలకు చేరవలెనన్నను, పట్టుచీరలు నేతగాని యింటినుండి అంగడికి పోవలెనన్నను బాటయే ఆధారము.

బాట పనిలో జనుల చేయి పడుట క్రొత్త విషయము కాదు. కాని పూర్వకాలమున ఆ చేయి స్వేచ్ఛగా చాచినది కాదు. అధికారుల ప్రయాణములకు, మజిలీలకు బండ్లను, మనుష్యులను వెట్టికి పట్టుట నాటి రివాజు. చెరువులకు, కాలువలకు గ్రామస్థులు చేయు మరమ్మతును 1858 నాటి మద్రాసు చట్టము నిర్బంధ విధిగానే మార్చినది. 1866 చట్టముతో బాటలకొరకు సెస్సు వచ్చినది. 1884లో లోకల్ బోర్డుల చట్టము వచ్చి, గ్రామములను యూనియన్లుగా కూర్చి, ఇంటిపన్నుతో వీధులు, దీపములు, పారిశుధ్యము చూడుమన్నది. వెట్టికి బదులు పన్ను వచ్చుట మేలే. కాని పన్ను చెల్లించిన పిదప వీధిని చూడవలసినవారు అధికారులే యను భావమును దానితోపాటు పెరిగినది.

స్వాతంత్ర్యానంతరము ఈ భావమును మార్చుటకు గొప్ప ప్రయత్నము జరిగినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైనది. శ్రమదానమను మాట పల్లెపల్లెకు పాకినది. 1959లో రాజస్థానము తరువాత ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్య వ్యవస్థను చేపట్టినది.

ఆ తలంపే 1997 జనవరిలో 'జన్మభూమి' యను పేర మరల వచ్చినది. దానిని ప్రారంభించిన ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు 1989 నుండి కుప్పమునకే శాసనసభ్యులు. ఈ కార్యక్రమమునకు స్ఫూర్తి దక్షిణ కొరియాలో 1970లో ఆరంభమైన 'సేమౌల్ ఉద్యమము'. అచటి ప్రభుత్వము తొలుత గ్రామమునకు 335 బస్తాల సిమెంటు ఇచ్చి, ఏమి కట్టుకొందురో మీరే నిర్ణయింపుడనెను. మరుసటి సారి బాగుగా వినియోగించిన గ్రామములకే మరికొంత సిమెంటును, ఇనుమును ఇచ్చెను. మన జన్మభూమిలోను సభ కూడి పని నిర్ణయించుకొనుట, ఖర్చులో కొంత వంతు జనులు ధనముగానో, సామగ్రిగానో, శ్రమగానో భరించుట నియమము. సిమెంటు వీధులు, మురుగుకాల్వలు, బడిగదులు ఆ విధముగా లేచినవి. 2004లో ప్రభుత్వము మారుటతో అది ముగిసినది. 2014లో 'జన్మభూమి - మా ఊరు' అను పేర తిరిగి వచ్చి, 2019 వరకు నడచినది.

ఇచట ఒక చిక్కు కలదు. వంతు అందరిదియు ఒకటే యైనను బరువు ఒకటి కాదు. అంగడివాడిచ్చు నూరు రూపాయలు అతని లాభములో కొంత. కూలివాడిచ్చు ఒక దినపు శ్రమ ఆనాటి కూడు. వీధి బాగుపడినపుడు అంగడి అద్దె పెరుగును. ఆ వీధి ప్రక్కనే తట్ట పెట్టుకొని పూలమ్మిన ముసలమ్మకు చోటు పోవును. అప్పుడు శ్రమదానమునకు, వెట్టికి భేదమేమి? అడిగి తీసికొన్నది దానము. అడుగక తీసికొన్నది వెట్టి. ఆ అడుగుట నామమాత్రమైనచో రెండింటికిని నడుమ గోడ పలుచనే.

చట్టములు ఈ దిక్కుగా కొంత నడచినవి. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో వచ్చిన చట్టము పట్టణ విక్రయ సంఘములో 40 శాతమునకు తక్కువగాక వారి ప్రతినిధులే యుండవలెనని విధించినది. పల్లెలకు రాజ్యాంగములోనే గ్రామసభ కలదు. పట్టణములలో వార్డు కమిటీలను 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పురపాలక సంఘములకే రాజ్యాంగము తప్పనిసరి చేసినది. మన మూడు ఊళ్లును ఆ లెక్కకు లోపలివే. కుప్పము పంచాయతీగా నుండి పురపాలక సంఘమై, 2021లో తొలి ఎన్నిక జరుపుకొన్నది. ఊరు పెద్దదైనది, కాని పంచాయతీనాడు రాజ్యాంగము చెప్పిన సభకు సమానమైనది ఈ పెద్దరికములో తనంతట రాదు. వీధివారే కోరి కూర్చుకొనవలెను.

కావున బాట బాగుచేయ నెంచిన ఊరు మొదట కొలవవలసినది బాట వెడల్పు గాదు. సభలో ఎవరెవరు కూర్చున్నారో చూడవలెను: అంగడి యజమానియు, అద్దెకున్నవాడును, బండివాడును, పూలమ్మయు, వీధి ఊడ్చు మనిషియు. వారు లేక వేసిన బాట బాగుగానే యుండవచ్చును. కాని అది పాడయిన నాడు దానిని 'మాది' యని పార పట్టుకొని వచ్చువారుండరు.